పందెం విమానానికి పసుపు బొట్టు

డోన్ జంక్షన్‌లో ఎయిర్‌షో విమానం మెకానిక్ అరుణ్ కుమార్‌ని ఎవరో రైలు కిందికి తోసేశారు. అంతకు కాసేపటి ముందే అతను ఏజెంట్ వేణుగోపాల్‌కి ఫోన్ చేశాడు. "పొగ ట్యాంకులో ఉండేది పొగ కాదు సార్, విషం."

మర్నాడు కడప ఎయిర్‌షోలో ఆ విమానం ఎండకి ఎర్రగా మెరుస్తోంది. తొంభై ఏళ్ళ నాటి అమెరికన్ పందెం విమానం. ఒక్కడికే చోటు, చెక్కా గుడ్డా కలిపి కట్టిన రెక్కలు. చూడ్డానికి బొమ్మే. గ్యాలరీ మీద ఒక్కసారి పొగ వదిలిందంటే మాత్రం ఒక్క ప్రాణం మిగలదు.

"పైలట్ హారిస్‌ని అప్పుడే ముట్టుకోవద్దు," ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. "మనలోనే వాళ్ళ మనిషి ఒకరున్నారు. ముందు ఆ మనిషి బయటపడాలి. విమానం మాత్రం ఎగరకూడదు. ఇంజన్ ఆగితే పొగ పంపూ ఆగుతుంది."

పంచె, నెరిసిన గడ్డం, చేతిలో పళ్ళెంతో పూజారి వేషంలో వేణుగోపాల్ నడిచాడు. పూజ లేకుండా ఇక్కడ ఆటో కూడా కదలదు. నిర్వాహకులు పట్టుబట్టడంతో హారిస్ నవ్వి ఒప్పుకున్నాడు. అతని మనుషులు పూజారి ఒళ్ళంతా తడిమారు. పసుపు ముద్దనెవరు తడుముతారు? అందులో ల్యాబ్ వాళ్ళు కలిపిన రెసిన్ జిగురు నిమిషంలో రాయైపోతుంది.

పెట్రోలు ట్యాంకు మూతకి గాలాడే సన్నటి బెజ్జం ఉంది. అది మూసుకుపోతే పెట్రోలు కిందికి దిగదు. మంత్రం గొణుగుతూ సరిగ్గా అక్కడే బొట్టు పెట్టాడు.

నడుము దగ్గర ఫోన్ వణికింది. ఎవరిదో తెలియని నంబరు నుంచి మెసేజ్.

"వేణూ, యాడున్నా కదలొద్దు. మీ అమ్మని ముందు వరసలో కూచోబెట్టినా."

తలెత్తాడు. ముందు వరసలో అమ్మ పుల్లమ్మ. ఆమె పక్కన పట్టుచీర, నల్లకళ్ళద్దాలు. ఉదయశ్రీ! మూడేళ్ళుగా తన పక్క సీట్లో పనిచేస్తున్న ఏజెంట్. ఆమె పుల్లమ్మ భుజం తట్టి లేచి, తాపీగా కారు వైపు నడిచింది.

"సార్, ఉదయశ్రీ!" అన్నాడు గడ్డంలోని మైకులో.

ఇంజన్ గర్జించింది. విమానం రన్‌వే మీద దూసుకొచ్చింది. తోక లేచింది. పసుపు ఊడిపోయిందా? అమ్మ కొంగు ఊపుతోంది.

ఇంజన్ దగ్గింది. మళ్ళీ దగ్గి, ఆగిపోయింది. విమానం గ్యాలరీ ముందుకి దొర్లి నిలిచింది. కమాండోలు చుట్టుముట్టారు. గేటు దగ్గర ఉదయశ్రీ చేతులకి బేడీలు పడ్డాయి.

జనాన్ని తోసుకుంటూ పుల్లమ్మ పూజారి దగ్గరికొచ్చింది. నోరు విప్పితే గొంతు గుర్తుపడుతుంది. చేతులు మాత్రం జోడించాడు.

"ఏం పూజప్పా నీది? బండి రెండడుగులు పోకముందే ఆగిపాయె! మా వేణు కొత్త కారు కొంటాండాడు. నిన్ను మాత్రం ఆ చాయలకు రానీను."