దూడ ముడి

ఆండర్సన్‌పేట బజారు వెనక సందులో మేడలు ఎదురెదురుగా ఎంత దగ్గరంటే, ఈ ఇంట్లో తాలింపు వేస్తే ఆ ఇంట్లో తుమ్ముతారు. కింద స్కూటర్లకే జాగా లేదు, ఇంగ గుడ్డలు యాడ ఆరేసుకుంటారు? అందుకే పై అంతస్తుల వాళ్ళు గిలక తాడు వేసుకున్నారు. ఈ కిటికీకి ఒక గిలక, ఎదురింటి కిటికీకి ఒక గిలక, రెంటినీ చుట్టి తిరిగే ఒకటే తాడు. కిటికీలో నిలబడి గుడ్డకు క్లిప్పు పెట్టి తాడు లాగితే చాలు, అది సందు మధ్యకు పోయి ఎండలో నిలుస్తుంది. మళ్ళీ లాగితే ఇంట్లోకొస్తుంది. కాలు కదిపే పనిలేదు. అయితే ఒక చిక్కుంది. తాడు ఇద్దరిదీ. ఈమె లాగితే ఆమె గుడ్డలు కూడా కదులుతాయి. ఎదురింటివాళ్ళతో పొత్తు కుదరకపోతే రోజూ రంపులే, తగాదాలే.

నేత్రావతికి పొత్తు బాగానే కుదిరింది. ఎదురు మేడలో ఉండేది అక్కయమ్మ. బూదికోట పక్క నుంచి ఎప్పుడో కోడలుగా వచ్చిన ముసలామె. మోకాళ్ళు పోయాక మెట్లు దిగడం మానేసింది. కింద ఆమె కొడుకు మునిశంకర్ రాగుల అంగడి, పిండి మిషను, వెనకే అతని కాపురం. కిందికి వచ్చి ఉండమ్మా అని కొడుకు పిలిస్తే, "కింద పిండి దుమ్ము, పైన గుట్ట దుమ్ము. నాకు గుట్ట దుమ్మే మేలు లేప్పా" అనేది.

గుట్ట దుమ్మంటే ఈ ఊళ్ళో ఎవరికైనా తెలుసు. గనులు మూతపడినాయి గానీ, బంగారం తీసేసిన మట్టి సైనైడ్ గుట్టలై అట్లనే ఉండిపోయింది. గాలి లేచిందంటే ఆ సన్నని మట్టి ఊరి మీదికొస్తుంది. తడి గుడ్డ మీద పడిందా, మళ్ళీ ఉతకాల్సిందే. అందుకని గిలక తాడున్న ఇళ్ళల్లో ఒక వాడుక. గాలిని ముందుగా చూసినవాళ్ళు తాడును మూడుసార్లు గుంజుతారు. గిలక మూడుసార్లు కీచుమంటుంది. దుమ్మొస్తోంది, గుడ్డలు తీసుకో అని.

అక్కయమ్మకు ఆకు కదిలినా దుమ్మే. చేతిలో పని వదిలేసి నేత్రావతి పరుగెత్తుకొస్తే, అక్కడ గాలీ ఉండదు, ఏమీ ఉండదు. అక్కయమ్మ మాత్రం కిటికీలో నవ్వుతా ఉండేది. "వస్తాదేమో అనుకుంటినే! సుమ్నే, ఊరికే పిలిస్తినిలే. పాప ఏం తినింది?"

ఆ మధ్యాహ్నం కరెంటు లేదు. ఫ్యాను ఆగి చాలాసేపయింది. నేత్రావతి కూతురు ధన్యకు జ్వరం. అయిదేళ్ళ పిల్ల, ఉక్కకు ఏడ్చి ఏడ్చి అప్పుడే నిద్రలోకి జారింది. నేత్రావతి మొగుడు నందీశ్ తెల్లవారకముందే కంపెనీ బస్సులో వేమగల్ ఫ్యాక్టరీకి పోతే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. రాత్రంతా పిల్లతో మేలుకున్నది తనే. ఒళ్ళు తూలుతోంది. పిల్ల పక్కన నడుం వాల్చిందో లేదో...

కీచు. కీచు. కీచు.

పిల్ల ఉలిక్కిపడి మూలిగింది. నేత్రావతి లేచి చూసింది. ఆకు కదలడం లేదు. తాడు నడుమ తన దుప్పటే అడ్డంగా ఉంది, అక్కయమ్మ కనిపించలేదు. తాడు కాస్త లాగితే దుప్పటి పక్కకు జరిగేది. లాగలేదు.

మళ్ళీ మూడుసార్లు. ఈసారి గట్టిగా.

"ఈమెకు పనీ లేదు పాటా లేదు, దేవుడా!" అని పళ్ళు కొరికి, నేత్రావతి తాడును లాగిపట్టి కిటికీ కమ్మికి ముడేసింది. ఆమె పుట్టిల్లు బేతమంగళ దగ్గర, పాడి ఇల్లు. చేతికి వచ్చిన ముడి ఒకటే, దూడను గుంజకు కట్టే ముడి. దూడ ఎంత లాగితే అంత బిగుస్తుంది. ఆ సందులో ఆ ముడి వేసే మనిషి ఇంకొకరు లేరు.

గిలక నోరు మూసుకుంది. కమ్మి మాత్రం చిన్నగా అదిరింది. టిక్... టిక్... టిక్... అది కూడా వినపడింది ఆమెకు. విని, అటు తిరిగి పడుకుంది.

సాయంత్రం కాఫీ తీసుకుని పైకి పోయిన మునిశంకర్ పెండ్లాం పెట్టిన కేక సందంతా వినింది. నేత్రావతి మొదట చేసిన పని ఎదురింటికి పరుగెత్తడం కాదు. ముడి విప్పడం. చేతికి రాలేదు. అంతగా బిగిసి ఉంది. గోరు విరిగింది. చివరికి పంటితో విప్పింది. అవతల ఎంత గుంజితే అట్లా బిగిసిందో ఆమె పళ్ళకు తెలుసు.

తర్వాతే పోయింది. అక్కయమ్మ కిటికీ కింద కూలబడి ఉంది, తాడు పిడికిట్లోనే. పచ్చబొట్ల చెయ్యి... వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.

మునిశంకర్ వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట చెప్పి ఏడ్చినాడు. "మిషను మోతలో నాకేమీ వినపడలేదప్పా... గుండె నొప్పొచ్చి పిలిచిందో ఏమో... మిషను మోతలో ఏమీ వినపడలేదు." నేత్రావతిని చూసి చేతులు జోడించినాడు. "నీ మీద ప్రాణమమ్మా మాయమ్మకు. కూతురు లేని లోటు తీర్చినావు."

భూమి బద్దలై తనను మింగేస్తే బాగుండుననిపించింది ఆమెకు. కానీ నోరు తెరవలేదు. మొగుడికీ చెప్పలేదు. ఏమని చెప్పాలి? పిల్ల నిద్ర చెడుతుందని మనిషిని చంపినాననా?

దినాలయ్యాక మునిశంకర్ పై ఇంటికి తాళం వేసినాడు. గిలక తాడు అట్లనే ఉంది. నేత్రావతి దాని దిక్కు చూడలేక గుడ్డలు ఇంట్లోనే కుర్చీల మీద ఆరేసేది. చివరికి నందీశే విసుక్కున్నాడు. "యూనిఫారం ముక్కిన వాసనొస్తా ఉండాది. బయట తాడుంటే ఇదేం ఖర్మ?"

సరే అని ఒకరోజు పొద్దున వేసింది. మూసిన ఆ కిటికీ వైపు చూడకుండా, తల వంచుకుని, ఒక్కో క్లిప్పు పెట్టి తాడు లాగింది. వంటింట్లోకి పోయింది.

కీచు. కీచు. కీచు.

గరిటె పడేసి కిటికీ దగ్గరికొచ్చింది. గాలి లేదు... ఎదురింటికి తాళం... తాడు మాత్రం ఊగుతోంది. గుడ్డలన్నీ లోపలికి లాక్కుంది. కాసేపటికి గాలి లేచింది. గుట్టల వైపు నుంచి తెల్లటి దుమ్ము తెర సందులోకి దిగింది. అందరి గుడ్డలూ పాడైనాయి. ఆమెవి తప్ప.

తర్వాత కూడా అంతే. గాలికి ముందు మూడుసార్లు. ఎప్పుడూ తప్పలేదు. తిట్టి ఉంటే, భయపెట్టి ఉంటే నేత్రావతి ఓర్చుకునేదే. చచ్చిపోయిన మనిషి ఇంకా తన గుడ్డలకు కాపలా కాస్తోందే, అదే ఆమెకు అన్నం సయించకుండా చేసింది.

ఒకరోజు ధన్య స్టూలెక్కి కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఆ కిటికీకి కమ్ములు సగం దాకానే. గిలక అందాలని పై సగం తెరిచే ఉంటుంది.

"ఏం చేస్తా ఉండావే అక్కడ?"

"అవ్వ పిలస్తా ఉండాది," అని పిల్ల గుసగుసగా చెప్పింది. "నువ్వు పలకవంట. అందుకే నన్ను పిలస్తా ఉండాది."

నేత్రావతి పిల్లను స్టూలు మీద నుంచి దించింది. ఇంగ ఈ తాడు ఉండకూడదు. అదే సాయంత్రం, పిల్ల నిద్రపోతుంటే స్టూలు తీసి మంచం కిందికి తోసి, కిందికి దిగి మునిశంకర్ దగ్గరికి పోయింది. మిషను నడుస్తోంది. అంత ఉక్కలో కూడా అతను చేతుల గుండీలు పెట్టుకుని ఫుల్‌చొక్కా వేసుకుని ఉన్నాడు. మనిషి సగమైపోయినాడు.

"అన్నా, ఆ తాడు విప్పేస్తానన్నా. మీ దిక్కు గిలక ఊడదీస్తే సరిపోతాది."

అతను ఎందుకని అడగలేదు. ముఖం మాత్రం తేటపడింది. "తీసేయమ్మా. బేగ తీసేయ్" అని తాళంచెవి ఇచ్చినాడు.

పైన గది మూసిన వాసన. దాంట్లో ఇంకో వాసన... అక్కయమ్మ మోకాళ్ళకు రాసుకునే వేపనూనె. నేత్రావతి లైటు స్విచ్చు వెతకలేదు. నేరుగా పోయి కిటికీ తెరిచింది. సందులో ఇంకా కాస్త వెలుతురుంది. కింద మిషను మోతకు నేల అదురుతోంది. గిలక తీయాలంటే ముందు తాడు వదులు చెయ్యాలి. పట్టి లాగింది.

కదల్లేదు.

మళ్ళీ లాగింది. ఊహూఁ. ఎదురుగా తన ఇంటి కిటికీ వైపు చూసింది.

కమ్మికి ముడి ఉంది.

సందుకు ఇవతలి నుంచే ఆ ముడి ఆమెకు తెలిసిపోయింది. తను వేయలేదు... ఇప్పుడు వేయలేదు.

ఆ ముడి వెనక ధన్య తల కనిపించింది. తర్వాత భుజాలు. తర్వాత నడుం... పిల్ల కమ్ముల మీదికి ఎక్కుతోంది. చెయ్యి చాపి, తాడు మీద మిగిలిపోయిన తన గౌను కోసం బయటికి వంగుతోంది. కింద రాళ్ళు పరిచిన సందు.

"ధన్యా! వద్దు... దిగు!"

మిషను మోత ఆ కేకను మింగేసింది. నేత్రావతి తాడు గుంజింది. మూడుసార్లు. మళ్ళీ మూడుసార్లు. అరచేతులు ఒరుసుకుపోయినాయి. గిలక తిరగలేదు. అవతల కమ్మి మాత్రం అదురుతోంది... టిక్... టిక్... టిక్...

ఓ దేవుడా. ఇట్లానా ఉండింది ఆమెకు?

పిల్ల ఇంకా వంగింది. కాళ్ళు లేచినాయి.

అప్పుడు పిల్ల వెనక, చీకట్లోంచి, ఒక చెయ్యి వచ్చింది. ముడతలు పడిన చెయ్యి. మోచేతి దాకా పచ్చబొట్లు. అది పిల్ల మణికట్టు పట్టుకుంది. మెల్లగా లోపలికి తీసుకుంది. కిటికీ తలుపులు మూసుకున్నాయి.

మెట్లు ఎట్లా దిగిందో, సందు ఎట్లా దాటిందో, మళ్ళీ మెట్లు ఎట్లా ఎక్కిందో ఆమెకే తెలియదు. తలుపు తీస్తే ధన్య నేల మీద బుద్ధిగా కూర్చుని ఉంది. పిల్లకు అందని పై గడియ వేసి ఉంది కిటికీకి. గదినిండా వేపనూనె వాసన.

"అవ్వ దింపింది," అనింది పిల్ల. "మీయమ్మ పిలిస్తే పలకదు, అందుకే నిన్ను నాకు కట్టేసుకుంటా అనింది."

కుడిచేతి మణికట్టుకు గిలక తాడు ముక్క. దూడ ముడి.

నేత్రావతి గోళ్ళతో లాగింది. పంటితో కొరికింది. కత్తెర పెట్టింది. కత్తెర అంచు నొక్కులు పడింది గానీ ఒక్క పోగు కూడా తెగలేదు. పట్టిన కొద్దీ బిగుస్తోంది. పిల్ల వేళ్ళు నల్లబడుతున్నాయి. "నొప్పమ్మా..." అని ఇప్పుడు ఏడుపు అందుకుంది. ఈ ముడి పంటితో విడిచేది కాదని తల్లికి అర్థమైంది. పిల్లను ఎత్తుకుని కిందికి పరుగెత్తింది.

"అన్నా! మిషను ఆపన్నా!"

మునిశంకర్ ఆపినాడు. చెవులు గింగురుమనే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నేత్రావతి అంతా చెప్పేసింది. మూడుసార్లు పిలిచిన సంగతి, ముడేసిన సంగతి, కమ్మి అదరడం విని కూడా పడుకున్న సంగతి, పంటితో విప్పిన సంగతి. "మీయమ్మను చంపింది నేనేనన్నా. నన్ను ఏమైనా చెయ్యి. పిల్లను వదిలిపెట్టమని చెప్పు." అని పిండి నేల మీద కూలబడి ఏడ్చింది.

మెత్తగా ఏదో పడింది. ధన్య మణికట్టు మీది తాడు ఊడి పిండిలో పడి ఉంది. ముడి లేదు. ఉత్త తాడు ముక్క.

నేత్రావతికి ప్రాణం లేచొచ్చింది. పిల్ల చేతిని ముద్దులాడుతూ తలెత్తింది. మునిశంకర్ ఆమెను తిట్టలేదు, కొట్టలేదు. ఆ తాడు ముక్కనే రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. మెల్లగా కుడిచేతి గుండీ విప్పి, చొక్కా చెయ్యి పైకి లాగినాడు.

అదే తాడు. అదే ముడి. కండలోకి దిగిపోయి ఉంది. చుట్టూ చర్మం నల్లగా కమిలిపోయింది.

"దినం చేసిన పొద్దు నుంచి ఉండాదమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "కత్తి పెట్టినా తెగలేదు. రోజుకింత బిగస్తా ఉండాది... నీ పిల్లది ఊడింది కదా. నాదెందుకు ఊడదు? నేనేం చేసినాను? మిషను మోతలో నాకేమీ వినపడలేదు కదమ్మా..."

నేత్రావతి నోరు తెరిచింది. ఆ మధ్యాహ్నం మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది. ఉక్క. చెమటలో తడిసిన పిల్ల. పైన తిరగకుండా నిలిచిపోయిన ఫ్యాను.

"అన్నా..." అనింది. "ఆ పొద్దు కరెంటు లేదు కదన్నా."

మునిశంకర్ ఆమె వైపు చూడలేదు. చొక్కా చెయ్యి కిందికి దించి, గుండీ పెట్టుకున్నాడు. పైన, తాళం తీసే ఉన్న ఆ గదిలో, గిలక కీచుమంది. ఒకసారి... రెండోసారి...

మూడోది వినపడకముందే అతను చెయ్యి చాపి మిషను వేసినాడు. దాంట్లో గింజ కూడా లేదు.