ఒరకి కట్టిన గుడ్డ

పెట్టె ఈసారి ఈల తీసెయ్యమంది.

నూకరాజు చీటీ చింపుకుని, నుదుటి మీదున్న కళ్ళజోడు కిందికి లాక్కుని మళ్ళీ చదివాడు. "ఈల. పదకొండు గ్రాములు. మూడేళ్ళలో వాడకం సున్నా. తొలగించవచ్చు." అతనికి లోపల్లోపల భలే గర్వంగా ఉంది. ఐటీఐలో ఫిట్టరు పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి పరీక్షనే తప్పించుకున్న మనిషి తను. స్టోరు గుమాస్తాగా చేరిన మొదటి నెలలోనే బ్యాటరీ వైర్లు అటుదిటు తగిలించి డిపో జీపుని తగలబెట్టిన ఘనత కూడా తనదే. అలాంటివాడు తుక్కులో ఏరుకొచ్చిన సెన్సర్లతో కట్టిన పెట్టె, ఇవాళ అడవిలో ఇరవయ్యేళ్ళు నడిచినవాళ్ళకి ఏం మొయ్యాలో ఏం మొయ్యక్కర్లేదో చెబుతోంది.

ఆ పెట్టె ఎందుకు పుట్టిందో తెలియాలంటే తీగ సంగతి తెలియాలి. ముప్ఫై ఏళ్ళ కిందట, గాలిలో కార్బన్ తగ్గించడానికని శాస్త్రవేత్తలు ల్యాబులో ఒక తీగని తయారుచేసి, విత్తనాలు విమానాల్లోంచి తూర్పు కనుమల మీద చల్లారు. తీగ చెప్పిన పని చేసింది, ఎండలు తగ్గాయి. తర్వాత చెప్పని పని మొదలుపెట్టింది. రోజుకి జానెడు చొప్పున పెరిగి రోడ్లనీ వంతెనలనీ కాఫీ తోటలనీ కప్పేసింది. కొండల మీది వాతావరణ టవర్లు మాత్రం పనిచేస్తూ ఉండాలి. తుఫాను కబురు కోస్తా జిల్లాలకి ముందుగా అందేది వాటి వల్లే. తీగ పందిరి కింద డ్రోన్లు దూరలేవు. అందుకని మనుషులే వెళ్ళాలి. ఒక్కొక్కరూ ఒక్కో దారిన, ఒంటరిగా, నాలుగేసి రోజులు, మచ్చుకత్తితో తీగ నరుక్కుంటూ. వాళ్ళకి దారివాళ్ళని పేరు.

వీపున సంచి వేసుకుంటే తీగ పట్టి లాగేస్తుంది. అందుచేత వాళ్ళు వేసుకునేది ఎక్కడా పట్టు దొరకని, చింపినా చిరగని నైలాన్ సూటు ఒకటే. నడుముకి కత్తి ఒర. మూరెడు పొడవు, కిలో బరువు ఉండే కత్తి పక్కన, ఒరకి కుట్టిన అరచేతంత సంచి. ప్రాణం నిలబెట్టే సామానంతా ఆ ఒరసంచిలో, మూడువందల గ్రాములకి మించకుండా పట్టాలి. ఏం పెట్టాలి? ఒకడు చేపల గేలం అంటాడు, ఒకడు అద్దం అంటాడు, ఒకడికి చుట్టలు లేకపోతే కాలు కదలదు. ఆ గోల పడలేకే నూకరాజు పెట్టె కట్టాడు. ప్రతి వస్తువుకీ బియ్యపు గింజంత చిప్. సంచిలోంచి బయటికి తీసిన ప్రతిసారీ చిప్ ఒకటి లెక్కపెట్టుకుంటుంది. మనిషి తిరిగొచ్చాక సంచిని పెట్టె పళ్ళెంలో పెడితే చాలు, ఏది ఎన్నిసార్లు వాడారో పెట్టెకి తెలిసిపోతుంది. వాడని వస్తువుల్ని ఒక్కొక్కటిగా తీసెయ్యమంటుంది. మొదట గాయాలకి కట్టే గాజుగుడ్డ చుట్ట పోయింది, తర్వాత దారం, గేలం, అద్దం. ఇప్పుడు ఈల.

"ఏటిరా నీ పెట్టె, ఈల కూడా వద్దంటాదా?" అంది తౌడమ్మ. ఆమె నూకరాజుకి సొంత అక్క, ఆ డిపోలో అందరికంటే పాత దారిమనిషి. కౌంటరు బల్ల మీద మోచెయ్యి ఆనించి కత్తి నూరుకుంటోంది.

"మూడేళ్ళలో ఎవడూ ఊదలేదే అక్కా."

"ఊదినోడు నీకాడికొచ్చి ఊదానని సెప్పాడేటి?"

నూకరాజు నవ్వాడు. అక్క మాటలకి నవ్వడం చిన్నప్పటి నుంచీ అలవాటు. వినడం అనే అలవాటు మాత్రం అతనికి అబ్బలేదు.

ఆ మర్నాడే విశాఖ నుంచి డాక్టర్ పరిమళ వచ్చింది. కొండ డిపోలన్నిటికీ ఆమే సైంటిస్టు. నలభై దాటని మనిషి, చెప్పులు వాకిట్లో విడిచి స్టోరులోకి వచ్చింది. నూకరాజుకి ఆ ఒక్క పనితోనే ఆమె మీద గౌరవం కలిగింది. మధ్యాహ్నం దాకా కూచుని పెట్టె రాసిన చీటీలన్నీ చదివింది.

"మూడువందల గ్రాముల్ని నూటనలభైకి దించారు. బాగుంది. మరి తిరిగిరాని సంచులు?" అని అడిగింది.

"అవి పళ్ళెంలోకి రావు కదండీ. మొదట్లో ఆ ఖాళీ చూసి పెట్టె ఆగిపోయేది. అందుకని రాని సంచిని లెక్కలోంచే తీసేశాను."

"ఎన్ని?"

"పద్నాలుగండి."

ఆమె పెన్ను ఒక్క క్షణం ఆగింది. "సరే. లేని డేటాతో మనమేం చెయ్యలేం" అని రాసుకుంది. "ఒక్క ట్రయల్ చేద్దాం. పన్నెండు మంది దారివాళ్ళు, పెట్టె చెప్పిన సామానుతో, అచ్చంగా దాంతోనే వెళ్ళి రావాలి. ఒక్కరు తప్పినా ట్రయల్ చెల్లదు. చెల్లితే నలభై డిపోలకీ మీ పెట్టే."

నలభై డిపోలు! పరీక్ష తప్పినవాడి పేరు నలభై పెట్టెల మీద.

వాకిట్లో పన్నెండు మందీ వరసగా నిలబడ్డారు. పరిమళ ఒక్కొక్కరి ఒరా చూసుకుంటూ వచ్చింది. గంగులు ఒరకి ఎర్రదారం, రాగి తాయెత్తు వేలాడుతున్నాయి.

"ఇవి లిస్టులో లేవే?"

"మొక్కుబడి వస్తువులండి. పెట్టె వాటిని తూచదు. వాటి జోలికి వెళ్ళొద్దని ఆర్డరుంది" అన్నాడు నూకరాజు.

తౌడమ్మ ఒర చుట్టూ పాత నూలు చీర పేలిక ఒకటి నాలుగు చుట్లు చుట్టి ఉంది. ఉతికి ఉతికి రంగు పోయిన గుడ్డ. పరిమళ దాన్ని వేలితో ముట్టుకుంది. "ఇది కూడా మొక్కేనామ్మా?"

అవునంటే అక్కడితో అయిపోయేది.

"మొక్కేటి తల్లీ! కత్తి దెబ్బ తగిల్తే నెత్తురు కట్టడానికి. ఆ తీగ పాలున్నాయి సూడు, సబ్బుకన్నా జారుడు. కత్తి తీగ మీద జారిందంటే వొచ్చేది మన కాలి మీదకే. పులీ లేదు, పామూ లేదు, ఆ అడివిలో మనకి పెద్ద భయం మన సేతిలోదే."

"మరి కత్తికి కట్టుకోకుండా ఒరకి కట్టారేం?"

"జారిన కత్తి సేతిలో ఉంటాదా? ఎక్కడో పడతాది. ఒరైతే నడుముకే ఉంటాది."

పరిమళ తలూపింది. ఆమెకి మాట నచ్చిందని నూకరాజుకి అర్థమైంది. కానీ ఆమె చేతిలో చీటీ ఉంది. గుడ్డకీ చిప్ పెట్టింది నూకరాజే మరి. "ముప్ఫై ఎనిమిది గ్రాములు. వాడకం సున్నా. మీరెప్పుడైనా కట్టారామ్మా?"

"ఒకపాలి, మా అత్తకి. ఆవిడే నేర్పింది నాకు. ఆ కాలితోనే ఇంకో పదేళ్ళు నడిసింది."

"ఈ మూడేళ్ళలో?"

"నేదు."

తౌడమ్మ తమ్ముడి వైపు చూసింది. అతని మొహం పరీక్ష ఫలితాల బోర్డు ముందు నిలబడ్డప్పటి మొహంలా ఉంది. ఆ మొహాన్ని ఆమె రెండుసార్లు చూసింది, రెండుసార్లూ అన్నం తినిపించి పడుకోబెట్టింది. ఇంకోసారి చూడలేననుకుందో ఏమో, ముడి విప్పి గుడ్డ మడతపెట్టి అతని చేతిలో పెట్టింది.

"దాసుంచు. వొచ్చాక కట్టుకుంతాను. నాలుగ్రోజులకి ఏటైపోద్ది?"

నూకరాజు ఆ గుడ్డని సొరుగులో, తొలగించిన ఈలల పక్కన పెట్టాడు.

నాలుగో రోజు పొద్దెక్కాక గంగులు వచ్చాడు. అతని నడుముకి రెండు ఒరలున్నాయి. నూకరాజు రెండో ఒరని చూసి, "అక్క ఏదిరా?" అన్నాడు.

"ఎనకాల మనోళ్ళు తెస్తన్నారు బాబూ" అన్నాడు గంగులు, నేలకేసి చూస్తూ.

అతను చెప్పింది ఇంత. దిగివస్తూ, తన దారీ ఆమె దారీ కలిసే మొదటి టవరు కింద ఆమెని చూశాడు. టవరుకి ఇంకా నూరడుగులుందనగా మోకాలి మీద కత్తి దిగింది. బయల్దేరిన మొదటి రోజే. కత్తి చేతిలోంచి జారి పది గజాలు దిగువకి పోయింది. ఆమె దాని కోసం పాకినట్టుంది, ఆ జాడ ఉంది. సూటు పీకి చింపాలని చూసింది, చిరగలేదు. పక్కనున్న తీగ లాగి తొడకి చుట్టుకుంది. "ఆ తీగకి ముడి పడదు కదా బాబూ. నాలుగు ముళ్ళేసుంది. నాలుగూ జారిపోయాయి."

ఆమెని దించి, పైన దుప్పటి కప్పాక, నూకరాజు ఒర తీసుకుని స్టోరులోకి వెళ్ళాడు. ఏడవలేదు. అతనికి ఒక్కటే ఆశ ఉంది. ఇన్నాళ్ళూ పెట్టె తిరిగొచ్చినవాళ్ళ సంచుల్నే చూసింది. చచ్చిపోయిన మనిషి సంచి దాని పళ్ళెంలోకి రావడం ఇదే మొదలు. ఇప్పుడైనా తెలుసుకుంటుంది, తెలుసుకోవాలి. సంచిని పళ్ళెంలో పెట్టాడు.

పెట్టె కాసేపు గునిసి చీటీ కక్కింది.

"సానరాయి, వాడకం సున్నా. నిప్పు కడ్డీ, సున్నా. నీటి మాత్రలు, సున్నా. దిక్సూచి, సున్నా. మచ్చుకత్తి, ఒకసారి. ఈ దారికి సిఫార్సు: మచ్చుకత్తి మాత్రమే. ఒరసంచి తొలగించవచ్చు."

నూకరాజు దాన్ని మూడుసార్లు చదివాడు. సంచి వచ్చిందా అని చూడ్డం నేర్పాడు దానికి. మనిషి వచ్చిందా అని అడగడం నేర్పలేదు.

పరిమళ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. అయినా రిపోర్టు ఆమే రాయాలి, రాసింది. "కత్తి జారడం ప్రమాదం. సామాను లోపమని రాయలేను" అంది మెల్లిగా.

"ఆ గుడ్డ ఉండుంటేనండీ?"

"ఉండుంటే అనేది డేటా కాదు నూకరాజు గారూ. ఒక్క కేసు మీద నేనేం రుజువు చెయ్యగలను? నా చేతిలో ఉంటే..." ఆమె పూర్తిచెయ్యలేదు. కాగితం అతని వైపు తిప్పింది. పన్నెండు మంది దారివాళ్ళు, పన్నెండు ఒరసంచులు. ఈ డిపోలో మొట్టమొదటిసారిగా సంచులన్నీ తిరిగొచ్చాయి. రాని సంచులు, సున్నా. ట్రయల్ చెల్లింది.

రెండు నెలల్లో నలభై డిపోల్లోనూ పెట్టెలు కూచున్నాయి. ప్రతిదాని నుదుటా ఒక రేకు, దాని మీద అతని పేరు. నూకరాజు మాత్రం తన కౌంటరు దగ్గరే ఉన్నాడు. అక్క నూలు చీరలు ఎనిమిదుంటే, వాటిని మూడేసి మూరల పేలికలుగా చింపుకున్నాడు.

మొదటి పేలిక కొత్తగా చేరిన రాజులమ్మ ఒరకి కట్టాడు.

"ఇదేటి బాబూ?"

"కాలు తెగితే నెత్తురు ఆపడానికమ్మా."

"పెట్టె రాసిందా?"

"లేదు."

"మరెందుకు బాబూ బరువు?" ఆమె మర్యాదగానే విప్పి బల్ల మీద పెట్టి, కొండెక్కింది.

ఆమె ఒరసంచి తిరిగి రాలేదు. పెట్టె దాన్ని లెక్కలోంచి తీసేసింది.

మరుసటి వారం వరసలో ముందున్నది అప్పలస్వామి. నూకరాజు పేలిక తీసి, కళ్ళకి అద్దుకుని, ఒరకి నాలుగు చుట్లు చుట్టాడు.

"ఇదేటి బాబూ?"

నూకరాజుకి జన్మలో దేవుడి ముందు చెయ్యెత్తిన అలవాటు లేదు. "మొక్కు" అన్నాడు.

అప్పలస్వామి వెంటనే చెప్పులు విడిచాడు. "ఏ తల్లికి?"

అది అతను ఆలోచించుకోలేదు. బల్ల మీద మిగిలిన అక్క చీర పేలికల వైపు చూశాడు.

"తౌడమ్మ తల్లికి."

"కొత్త తల్లా?"

"కొత్తే. టవరు కింద వెలిసింది. కత్తి దెబ్బలకి ఆమే దిక్కు." ఎక్కడ తడబడతానో అని నూకరాజు వేగంగా చెప్పుకుపోయాడు. "దెబ్బ తగిలిందనుకో, గుడ్డ విప్పాలి. దెబ్బకి పైన, తొడకి కట్టాలి. ముడిలో పుల్ల దూర్చి, నెత్తురు ఆగేదాకా మెలిపెట్టాలి. కిందకి దిగేదాకా తల్లి పేరు తలుచుకుంటూ పుల్ల పట్టుకునే ఉండాలి. వదిలావో, తల్లికి కోపం."

"పుల్ల దూర్చి మెలిపెట్టాల" అని అప్పలస్వామి మంత్రంలా ఒకసారి అనుకున్నాడు. ఒరని పెట్టె పళ్ళెంలో పెట్టాడు. పెట్టె అన్నిటినీ తూచింది, గుడ్డని తూచలేదు. మొక్కుబడి వస్తువుల జోలికి వెళ్ళొద్దని దానికి ఆర్డరుంది.

వెనకాల వరసలో గుసగుసలు బయల్దేరాయి. గంగులు అందరినీ తోసుకుని ముందుకొచ్చాడు. ఆమెని టవరు కింద చూసిందీ, జారిపోయిన ముళ్ళని లెక్కపెట్టిందీ అతనే. నూకరాజు అతని మొహం చూడలేక తల దించుకున్నాడు.

గంగులు తన ఒరకున్న రాగి తాయెత్తు తెంపి జేబులో వేసుకున్నాడు. ఒర బల్ల మీద పెట్టాడు.

"నాకూ తల్లి గుడ్డ కట్టు బాబూ" అన్నాడు. "గట్టిగా కట్టు."