ఛీ అన్న నోరు

పొద్దున్నే కుట్టుమిషను ముందు కూర్చుందన్న మాటేగానీ, కోడలికి సూదిలో దారం ఎక్కడం లేదు. వంటింట్లోంచి అత్తగారి సణుగుడు చెవిన పడుతూనే ఉంది. నిన్న పదమూడేళ్ల కూతురికి హెచ్‌పీవీ టీకా వేయించింది, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ రాకుండా. అదీ తను చేసిన నేరం.

పిల్ల టీకా వేసిన చెయ్యి పట్టుకుని నిద్రలేచొచ్చింది. సూది గుచ్చిన చోట ఎర్రగా కంది వాచింది, ఒళ్లు కాస్త వెచ్చబడింది. నర్సు నిన్ననే చెప్పింది, ఇవి మామూలే, రెండు మూడు రోజుల్లో తగ్గుతాయని. చల్లటి తడిగుడ్డ వేయమంది, రుద్దొద్దంది, చెయ్యి కదుపుతూ నీళ్లు బాగా తాగమంది. దద్దుర్లొచ్చినా, ఊపిరాడకపోయినా మాత్రం ఆలస్యం చేయకుండా తీసుకురమ్మంది. కళ్లు తిరుగుతాయేమోనని పావుగంట కూర్చోబెట్టాకే పంపింది.

తల్లి గుడ్డ తడిపేలోగా పిల్ల దాహమేసి నీళ్లచెంబు అందుకోబోయింది. వంటింట్లోంచి వచ్చిన నానమ్మ చటుక్కున వెనక్కి లాక్కుంది.

"ముట్టుకోకు. పెళ్లికాని పిల్లకి ఆ పాడురోగం టీకా ఏంటి? ఛీ!"

పిల్ల మొహం మాడిపోయింది. ఆర్నెల్లకి వేయించుకోవాల్సిన రెండో డోసుకి చచ్చినా రానంటూ టీకా కార్డు తల్లి ఒళ్లో పడేసి, గోడవైపు తిరిగి కూర్చుంది. కోడలు తడిగుడ్డ పట్టుకునే అత్తగారి వైపు తిరిగింది. ఇన్నేళ్లూ తననెన్ని అన్నా దిగమింగింది. బిడ్డనంటే ఊరుకుంటుందా?

"మీ మాట వింటే రోత పుడుతోంది అత్తయ్యా. రోగమొచ్చినందుకు కాదు, రాకూడదని వేయించాను. మీ అక్కగారు దేంతో పోయారో మీరు చెప్పకపోయినా నాకు తెలుసు."

ముసలావిడ చెంబుతో సహా పీట మీద కూలబడింది. అప్పుడు తనే చెప్పుకొచ్చింది. అక్కని వెనకగదిలో పడుకోబెట్టారట. దుప్పటి మార్చి రమ్మని తల్లి పంపితే, ఆ కుళ్లు వాసనకి ఈవిడ గుమ్మం దాటలేకపోయిందట.

"ముక్కు మూసుకుని ఛీ అన్నానే. అక్క వింది. గోడవైపు తిరిగి పడుకుంది. పోయేదాకా మళ్లీ నా మొహం చూడలేదు."

అంటూనే మనవరాలి వైపు చూసింది. ఆ చిన్న వీపు చూసేసరికి ఆవిడకి ఏడుపు ఆగలేదు. కోడలి చేతిలోంచి తడిగుడ్డ తీసుకుని, పిల్ల చేతి మీద రుద్దకుండా మెల్లగా వేసింది.

"ఇటు తిరగవే తల్లీ. నీళ్లు తాగు. రెండోదానికి నేనే తీసుకెళ్తా."

పిల్ల వెంటనే తిరగలేదు. కాసేపటికి చెంబు కోసం చెయ్యి చాపింది.