పదకొండో నంబరు తాళం

నాలుగో టెస్టు గదికి మంచి పేరు లేదు. పెద్ద పెద్ద ఇంజన్లను నడిపి చూసే గది అది. రాత్రిళ్లు అందులోని పొగగొట్టం తనంతట తానే మోగుతుందని చెప్పుకునేవారు... మూడు దెబ్బలు, కాస్త ఆగి మళ్లీ మూడు.

ఆ కథ పుట్టించిన మహానుభావుడు మన మెకానిక్కే. ఆరేళ్ల కిందట ఒక రాత్రి గేటు దగ్గర ఆ మోత విని కాళ్లకు బుద్ధి చెప్పాడు. తెల్లారి చూస్తే, లోపల పెద్ద ఫిట్టరు పొగకు ఊపిరాడక చనిపోయి ఉన్నాడు. పారిపోయావా అని నలుగురూ నవ్వుతారని, "దెయ్యం తట్టింది" అన్నాడు. చెప్పగా చెప్పగా తనే నమ్మేశాడు.

ఇంజను మీద చెయ్యి వేసే ముందు ఎవరైనా సరే, బయటున్న మెయిన్ స్విచ్చి దించి దానికి తన నంబరు తాళం వేసుకోవాలి. పెద్ద ఫిట్టరుది పదకొండు. పాపం, ఆ రాత్రి వెయ్యడం మరిచాడు. తాళం జేబులోనే దొరికింది. దాన్ని ఆ జేబులో అలాగే ఉంచి ఆయన్ని కాటికి సాగనంపారు.

ఈ రాత్రి, పొగ జోరుతో తిరిగి ఇంజనుకు గాలి ఎక్కించే టర్బో మొరాయించింది. నత్తగుల్లలా ఉంటుందది. లోపల చక్రం, దాని చుట్టూ చిన్న చిన్న రెక్కలు. రెక్కలు మూసుకుంటే సందు సన్నబడి పొగ విసురుగా వచ్చి చక్రాన్ని తిప్పుతుంది, తెరుచుకుంటే జోరు తగ్గుతుంది. ఇప్పుడవి మసి పట్టి బిగుసుకుపోయాయి. రాత్రి రెండు గంటలకు టెస్టు కోసం ఇంజను దానంతటదే స్టార్టవుతుంది. ఇంకా ఇరవై నిమిషాలుంది.

"రెండు నిమిషాల పనికి తాళం కూడానా!" అనుకున్నాడు మెకానిక్కు. స్విచ్చి దించనే లేదు.

టర్బోకి బిగించిన పొగగొట్టం విప్పి, వేళ్లు దూర్చి మసి గోకాడు. మసి వదిలింది... రెక్కల్ని తిప్పే చిన్న మోటారు అప్పటిదాకా కాచుకుని ఉన్నట్టు వాటిని ఠక్కున మూసేసింది.

నాలుగు వేళ్లు — లోపల.

లాగాడు. రాలేదు. తలుపు దళసరిది, అరిచినా బయటికి వినపడదు. గొట్టం విప్పేసి ఉంది కాబట్టి ఇంజను స్టార్టయితే పొగంతా ఈ గదిలోకే. గడియారం చూశాడు. రెండు గంటలకు ఎనిమిది నిమిషాలు తక్కువ.

ఎడమచేత్తో స్పానరు అందుకుని, గోడలోంచి గేటువైపు పోయే మిగతా గొట్టాన్ని కొట్టాడు. మూడు... ఆగాడు... మళ్లీ మూడు.

గొట్టంలోంచి వాచ్‌మన్ గొంతు సన్నగా వినిపించింది. సొంత బావమరిదే.

"అమ్మో... బావ చెప్పింది నిజమే!"

"నేనురా!" అని గొట్టంలోకి అరిచేలోపే పరుగెత్తే అడుగులు. దూరమైపోయాయి.

ఆ చప్పుడు వింటే వెనక్కి చూడకుండా పరుగెత్తమని వాడికి నేర్పింది తనే.

అప్పుడు అర్థమైంది. పెద్ద ఫిట్టరు కుడిచేతి వేళ్లు ఎందుకు నలిగి నల్లబడ్డాయో. ఎడమచేతిలో స్పానరు ఎందుకుందో. ఆ రాత్రి గేటు దగ్గరున్న ఎవర్ని అంతసేపు పిలిచాడో.

"క్షమించు పెద్దాయనా... అది నువ్వని తెలీదు," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఒక్క నిమిషం ఉంది.

గొట్టం అవతలినుంచి — మూడు దెబ్బలు.

మోటారు ఆగింది. రెక్కలు వదులయ్యాయి. చెయ్యి లాక్కుని, తలుపు తోసుకుని బయట పడ్డాడు.

"ఒరేయ్! స్విచ్చి దించింది నువ్వేనా?"

వరండా అంతా ఖాళీ.

మెయిన్ స్విచ్చి దించి ఉంది. దానికి తాళం వేసి ఉంది. తన తాళమేమో నడుముకే వేలాడుతోంది. స్విచ్చికున్న తాళం మీది మసి వేలితో తుడిచి నంబరు చూశాడు.

పదకొండు.