పిన్నిగారి టీవీలో ఆగని చక్రం

"సరిగ్గా ఆరింటికి రైల్వే సిగ్నల్స్ మీద దాడి. విదేశీ ముఠా. ఎదురింటి మీంచి కన్ను తీయకు!" ఇయర్‌ఫోన్‌లో చీఫ్ గొంతు.

ఏజెంట్ నైన్ మూడు వారాలుగా అదే పనిలో ఉన్నాడు. టీవీ మెకానిక్ వేషం. మేడ మీద అద్దె గది. కిటికీలో చొక్కా గుండీ అంత కెమెరా. అది తీసే వీడియో కింద ఇంటావిడ టీవీకి తగిలించిన అరచేతిలో పట్టే కంప్యూటర్ పెట్టె మీదుగా, ఆమెకు తెలియకుండా హెడ్‌క్వార్టర్స్‌కి పోతోంది. ఆవిడ టీవీలో మాత్రం ఏది పెట్టినా బఫరింగ్ చక్రమే.

"బాబూ!" కింది నుంచి కేక. "ఆరింటికి మా అమ్మాయి మొదటి కచేరీ, లైవ్! ఇంట్లో మెకానిక్కును పెట్టుకుని ఆ చక్రం చూస్తూ కూర్చోమంటావా?"

"వస్తున్నా పిన్నిగారూ."

"మూడు వారాల్నుంచీ వస్తూనే ఉన్నావులే నాయనా."

ఆ మాట ముల్లులా దిగింది. అడిగినప్పుడల్లా ఓ వైరు కదిపి, తప్పు కంపెనీదని బొంకాడు. ఆవిడ నమ్మి కాఫీ ఇచ్చింది. ఒక్క గుక్కా సాఫీగా గొంతు దిగలేదు.

ఇవాళ ఇక మనసొప్పక, ఆర్డర్ మీరి కెమెరా ఆపేశాడు. కిందికెళ్లి టీవీ పెట్టాడు.

చక్రం తిరుగుతూనే ఉంది!

తప్పు తనదేనన్న సిగ్గుతో మొహం చాటేశాడే గానీ, ఒక్కనాడూ నిజంగా పరీక్షించలేదు. కేబుల్ మార్చాడు. రౌటర్ స్పీడు చూశాడు, బాగానే ఉంది. పెట్టె మాత్రం పెనంలా కాలుతోంది. కీబోర్డు తగిలించి లోపల నడుస్తున్న ప్రోగ్రాములు చూశాడు. పేరులేనిదొకటి ప్రాసెసర్‌ను తొంభై ఏడు శాతం మింగేస్తోంది. దాన్ని తెరిచాడు. రైల్వే సిగ్నల్స్ మ్యాపు. మూలన వెనక్కి నడుస్తున్న అంకెలు: నలభై, ముప్ఫై తొమ్మిది...

నెమలి! ఆ మారుపేరుతో తిరిగే హెడ్‌క్వార్టర్స్ అందగత్తె. "కెమెరాకి కొత్త సాఫ్ట్‌వేర్ డియర్," అంటూ పెన్‌డ్రైవ్ ఇచ్చింది. నవ్వు చూసి మురిశాడు. తన చేత్తోనే ఈ పెట్టెకు పెట్టాడు.

గోడ వైపు తిరిగి కాలర్ మైకులో గొణిగాడు. "చీఫ్, దాడి ఈ ఇంట్లోంచే! నెమలి డబుల్ ఏజెంట్!"

"ఆపెయ్!"

"పాస్‌వర్డ్ అడుగుతోంది."

"వైరు పీకెయ్!"

సరిగ్గా అప్పుడే చక్రం మాయమైంది. తెర మీద వేదిక. మైకు ముందు ఓ అమ్మాయి.

"అదిగో, మా తల్లి!" పిన్నిగారు లేచి నిలబడింది.

మూలన ఇంకా అంకెలు: మూడు, రెండు.

పీకేశాడు. తెర నల్లబడింది.

"రైళ్లు సేఫ్!" చీఫ్ అరిచాడు. "నెమలిని పట్టుకున్నాం. ఆ పెట్టె సాక్ష్యం, ముట్టుకోకు. శభాష్!"

ఏజెంట్ నైన్ తలెత్తలేదు. పిన్నిగారు నల్లటి తెరనే చూస్తూ గంటన్నర కూర్చుంది. తర్వాత ఆమె ఫోన్ మోగింది. స్పీకర్‌లో కూతురి గొంతు.

"విన్నావా అమ్మా?"

"విన్నానే బంగారం. ఒక్కచోట ఆగితే ఒట్టు!"

ఇరవై ఏళ్ల సర్వీసులో అంత శుభ్రమైన అబద్ధం ఏజెంట్ నైన్ ఏ శత్రువు నోటా వినలేదు.