డాక్టరమ్మ వేసిన ప్లేటు

"మూడో ఇన్ఫార్మర్ కూడా పోయాడు," అన్నాడు చీఫ్. "ఇంటి గుమ్మంలోనే కాల్చేశారు."

ఏజెంట్ చేతికర్ర మీద బరువు వేసి నిలబడ్డాడు. ఆ ముగ్గురి ఇళ్లూ తెలిసింది అతనొక్కడికే.

"నేను అమ్ముడుపోయానంటారా సార్?"

"నువ్వు కాదు, నీ కాలు."

చీఫ్ అతని మోకాలి కింద స్కానర్ ఆనించాడు. అది కీచుమంది. మూడు నెలల కిందట విరిగిన ఎముకకు డాక్టరమ్మ వేసిన ప్లేటు అక్కడుంది. ఎముకను పట్టి ఉంచి, అతుక్కున్నాక ఒంట్లోనే కరిగిపోయే రకం. ఎముక ఎంతవరకు కుదురుకుందో అందులోని సెన్సార్ ఆమె ఫోనుకు చెబుతుంది. అతను ఎవరింటికి వెళ్లాడో కూడా చెబుతోందని ఇప్పుడు తేలింది.

"మన ఆఫీసు డాక్టరే. అవతలి ముఠాకీ పనిచేస్తోంది. పొద్దున ఎక్కడికెళ్లావు?"

ఏజెంట్ ఫోన్ తీసి నంబరు నొక్కాడు. "అక్క దగ్గరికి."

ఆ ముఠా సంకేతాలను విప్పేది అక్కే. పనిలో ఉంటే ఫోన్ ఎత్తదు. ఇప్పుడూ ఎత్తలేదు. చీఫ్ అక్కడికి కారు పంపాడు. అది చేరడానికి ఇరవై నిమిషాలు. డాక్టరమ్మ ఆసుపత్రి మాత్రం పక్క వీధిలోనే. ఏజెంట్‌కు వేషం అక్కర్లేకపోయింది, పేషెంటుగానే వెళ్లాడు.

వార్డంతా తలతిప్పి చూసే అందం ఆమెది. "నొప్పిగా ఉందా?" అంటూ నవ్వింది. అతను బల్లమీద వెలుగుతున్న ఆమె ఫోన్ లాక్కున్నాడు.

ముగ్గురు చనిపోయిన మూడు తేదీల్లోనూ ఒకటే మెసేజ్: 'ఎముక అతుక్కుంది.' అతను మంగలి షాపుకు వెళ్లిన రోజు మాత్రం, అదే మెసేజ్ వెళ్లిన రెండు నిమిషాల తర్వాత ఇంకొకటి: 'ఇంకా అతుక్కోలేదు.' ఆ మంగలి బతికే ఉన్నాడు.

చివరి మెసేజ్ పది నిమిషాల కిందటిది. 'ఎముక అతుక్కుంది.'

"ఫోన్ ఇటివ్వండి. కాలు జాగ్రత్త," అందామె.

'ఇంకా అతుక్కోలేదు' అని అతను టైప్ చేయడం మొదలుపెట్టాడు. ఆమె సరిగ్గా మోకాలి కింద తన్నింది. లోపల ఏదో పుటుక్కుమంది. నేలమీద పడుతూనే సెండ్ నొక్కాడు.

ఆమెను చీఫ్ మనుషులు గేటు దగ్గర పట్టుకున్నారు. కాసేపటికి చీఫ్ ఫోన్ చేశాడు. "కాల్చేవాడు మీ అక్క తలుపు దాకా వచ్చాడు. ఫోన్ చూసుకుని వెనక్కి తిరిగాడు. మెట్ల మీద దొరికాడు."

"ఆ ముగ్గురి ఇళ్లలోవాళ్లకి ఏం చెప్పను సార్?"

ఎక్స్‌రే చూసిన కొత్త డాక్టర్, ఈ కాలితో ఇక నడవలేరని మెల్లగా చెప్పాడు.

అప్పుడు అక్క ఫోన్ చేసింది. "ఇందాక చూసుకోలేదురా. మధ్యాహ్నం భోజనానికి వస్తావా?"

"నువ్వే రా అక్కా," అన్నాడు. "ఇకమీదట నేనెక్కడున్నానో ఎవరూ వెతకక్కర్లేదు."