సంగమ్మను ఎవరూ అడగలేదు

పొద్దున్నే పొయ్యి మీద జొన్నరొట్టె కాలుతుంటే, అక్షత గోడకు చేరగిలబడి కూర్చుండిపోయింది. నెలసరి రెండో రోజు. వేడినీళ్ల సంచి పొట్టకు అదుముకున్నా నొప్పి తగ్గడం లేదు. అత్త సంగమ్మ ఆమెను లేపి మంచం మీద పడుకోబెట్టింది.

ట్రాక్టర్ల ఫ్యాక్టరీకి బయలుదేరుతున్న భర్త గిరీశ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. పెళ్లయిన కొత్తలో ఈమే కదా, బండి వెనక కూర్చుని కోహీర్ జామకాయలు కొరుకుతూ దారి పొడుగునా నవ్వింది! అల్లం తవ్వే రోజుల్లో మట్టి చేతులతోనే తన బుగ్గ గిల్లింది! ఆ నవ్వు విని ఎన్నాళ్లయింది?

గర్భసంచి లోపలి పొర దాని కండలోకి చొచ్చుకుపోయిందని, ఆ జబ్బును అడినోమయోసిస్ అంటారని డాక్టర్లు తేల్చారు. ఇక్కడి డాక్టర్ సంచి తీసేయడమే మేలన్నాడు. హైదరాబాద్ డాక్టరమ్మ మాత్రం, రోబో చేతుల సాయంతో చెడిన కండ వరకే కోసి, సంచిని నిలిపి కుట్టొచ్చంది. పిల్లలు పుడతారని మాత్రం మాట ఇవ్వలేదు.

"తీయించేద్దాం అక్షతా. పిల్లలు లేకున్నా సరే. నిన్ను గిట్ల చూడలేను" అన్నాడు గిరీశ్.

"ఆశ ఉన్నదని డాక్టరమ్మ చెప్పింది గదా! నాకు ఉంచుకోవాలనే ఉంది."

"నొప్పి మళ్లొస్తే? ఇక్కడి డాక్టర్‌కు చెప్పేసిన. సోమవారమే ఆపరేషన్."

"నన్నడగకుండనే?" అక్షత మంచం మీద లేచి కూర్చుంది.

సంగమ్మ రొట్టెను పెనం మీదే వదిలేసి వచ్చింది.

"మీ నాయన గూడ గిట్లనే నా సంచి తీసెయ్యమని డాక్టర్‌కు చెప్పొచ్చిండు రా, నువ్వు నడక నేర్చే యాళ్లకు. నొప్పి పోయింది, నిజమే. కానీ నాకొక ఆడపిల్ల కావాలని మనసుల ఉండె. రాయికోడ్ సంతల చిన్న చిన్న గాజులు కనబడితే నిలబడిపోతుంటి. నన్ను ఎవ్వరడిగిన్రు?"

గిరీశ్ చేతిలోని టిఫిన్ డబ్బా కింద పెట్టేశాడు. నాన్న అమ్మను ప్రాణంగా చూసుకున్నాడు. అయినా అమ్మకు ఇంత బాధ మిగిలింది.

"తప్పయింది. నువ్వెట్లంటే అట్ల" అంటూ భార్య పక్కన కూలబడ్డాడు.

హైదరాబాద్‌లో ఆపరేషన్ బాగా జరిగింది. కొన్ని నెలల తర్వాత, నెలసరి రోజున కూడా అక్షత ఇల్లంతా మామూలుగా తిరిగింది. సాయంత్రం అరుగు మీద అత్త తలకు నూనె రాస్తూ మెల్లగా అడిగింది.

"అత్తమ్మా, ఆడపిల్ల పుడితే ఏం పేరు పెడదామనుకున్నవ్?"

సంగమ్మ పైకి చేయి చాచి కోడలి గాజులు తడిమింది.

"త్రివేణి" అంది. ఆ పేరు పైకి పలకడం అదే మొదటిసారి. కోడలి ఒళ్లో తల పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది.